కదలని సైకిలు మీద సాన మామయ్య

సాన మామయ్య ముప్పై ఏళ్లు సైకిలు తొక్కాడు గాని, ఒక్క అడుగు ముందుకు పోలేదు. పోయే సైకిలు కాదది. స్టాండు వేసి తొక్కితే వెనక చక్రం గాల్లో తిరిగేది, దానికి తగిలించిన బెల్టు హ్యాండిలు దగ్గరి సానరాయిని తిప్పేది, వీధిలోని కత్తులూ కత్తెరలూ పదునెక్కేవి. వీధి మారాలంటే దాన్ని నడిపించుకుంటూ వెళ్లేవాడు. నిజం చెప్పాలంటే ఆయనకు సైకిలు తొక్కడం రాదు.

యాభై రెండో ఏట ఒక పెద్ద హోటలు వంటశాలలో కత్తులకు పదును పెట్టే ఉద్యోగం దొరికింది. నెల జీతం, నెత్తిన నీడ. భార్య ఆనందానికి అంతు లేదు. సోమవారం సాయంత్రం లోపు డాక్టరు సర్టిఫికెట్టు తెస్తేనే ఉద్యోగం అన్నారు.

ఆసుపత్రిలో కుర్ర డాక్టరు నాడి చూశాడు. నిమిషానికి నలభై నాలుగు. మళ్లీ చూస్తే నలభై మూడు. డాక్టరు గుండె మాత్రం నూట పది దాటింది.

"కదలకండి పెద్దాయనా! మీ గుండె ఆగిపోయేలా ఉంది."

"నాకేం తెలియట్లేదే బాబూ."

"తెలియకపోవడమే ప్రమాదం!"

మంచమెక్కించారు. విశ్రాంతి తీసుకున్నకొద్దీ నాడి నలభై ఒకటికి దిగింది. దిగిందని ఇంకా విశ్రాంతి ఇచ్చారు. పరామర్శకు వచ్చిన బావమరిది, ఈయన నిద్రలో ఉన్నాడనుకుని, "అక్కా, ఆ సైకిలు ఎవరికిస్తావ్?" అని అడిగాడు.

సోమవారం పొద్దున పెద్ద డాక్టరమ్మ వచ్చి, ముందుగా ఆయన పిక్కలు చూసింది.

"ఏం చేస్తుంటారు?"

"సైకిలు తొక్కుతానమ్మా."

"రోజూ ఎంత దూరం?"

"ఎక్కడికీ పోనండి."

మతి కూడా చెడిందని కుర్ర డాక్టరు కాగితం మీద రాసుకున్నాడు.

డాక్టరమ్మ ఆయన్ను పరీక్షల గదిలోని సైకిలు ఎక్కించింది. అదీ కదలనిదే. చూడగానే ఆయనకు ప్రాణం లేచొచ్చింది. కుర్ర డాక్టరు వెళ్లి భోంచేసి వచ్చాడు, ఈయన తొక్కుతూనే ఉన్నాడు. ఒళ్లంతా చెమట, ఆయాసం మాత్రం లేదు.

"ముప్పై కిలోమీటర్లు!" అంది డాక్టరమ్మ. మామయ్య వెనక్కి తిరిగి చూశాడు. గోడ ఎక్కడిదక్కడే ఉంది.

"ఇది జబ్బు గుండె కాదయ్యా, కసరత్తు గుండె," అని ఆవిడ కుర్ర డాక్టరుకు తలంటింది. "నీది రెండుసార్లు కొట్టుకుని చేసే పని ఇది ఒక్కసారికే చేస్తుంది." మామయ్య భార్యతో, "తొక్కడం మాత్రం మాననివ్వకమ్మా," అంది.

సర్టిఫికెట్టు చూసి హోటలు మేనేజరు మురిసిపోయాడు. అంత గట్టి గుండెను తీసుకెళ్లి కుర్చీలో కూర్చోబెట్టాడు. ఎదురుగా మోటారు సాన. "ఆ మీట నొక్కితే చాలు. కాళ్లతో పనే లేదు!"

వారం తిరిగేసరికి ఆయన కాళ్లు తిమ్మిరెక్కాయి, అన్నం సయించలేదు, మనసంతా దిగులు. డాక్టరమ్మ మాట గుర్తొచ్చి, మర్నాడు డ్యూటీకి గంట ముందే పాత వీధిలో స్టాండు వేసి తొక్కసాగాడు. ఒకామె కత్తి పట్టుకుని పరుగున వచ్చింది.

"పని కాదమ్మా. నేనిప్పుడు ఉద్యోగస్తుణ్ణి. ఇది ఆరోగ్యం కోసం."

పది నిమిషాలకే రొప్పొచ్చింది. ముప్పై ఏళ్లలో ఎరగని రొప్పు! ఆయనకు సిగ్గేసింది, భయమూ వేసింది.

"ఊరికే అంత కష్టపడ్డం దేనికండీ పాపం," అంటూ ఆమె కత్తి చేతికిచ్చింది. రాయి మీద నిప్పురవ్వలు లేచాయి. రొప్పు ఎటు పోయిందో తెలియదు. ఆ చప్పుడుకు వీధి వీధంతా వరుస కట్టింది. పన్నెండో కత్తి దగ్గర హోటలు వేళ దాటిపోయింది. మామయ్య గడియారం చూసుకున్నాడు. చూసుకుని, పదమూడో కత్తి అందుకున్నాడు.