తిన్నారా అన్నాక కాస్త ఖాళీ

బరంపురం బడా బజార్‌లో మధ్యాహ్నం షట్టర్లు దిగే వేళ ఒకటుంది. పసుపు, మిర్చి, ధనియాల హోల్‌సేల్ కొట్లు ఒకదాని తర్వాత ఒకటి మూతపడతాయి. బేరాలూ ఆటోల హారన్లూ సద్దుమణిగి, వీధి వీధంతా భోజనానికి కూర్చుంటుంది. నా ఉద్యోగం మొదలయ్యేది అప్పుడే. మా అన్నయ్య కొట్టు మీద అంతస్తులో, గోడలకు ఖాళీ గోనెసంచులు వేలాడదీసిన గదిలో తలుపు వేసుకుని, మైకు ముందు కూర్చుని, "ఏటి, బాగున్నారా? తిన్నారా?" అని అడుగుతాను. ఎదురుగా ఎవరూ ఉండరు.

నేను డాక్టర్ని. ఈ ఊళ్ళోనే చదివి, కొన్నేళ్ళు ఆసుపత్రిలో ఓపీ చూసి, మానేశాను. ఎందుకు మానేశావని అడిగినవాళ్ళకల్లా ఒక్కో జవాబు చెప్పి విసిగిపోయాను గాని, అసలు సంగతి చాలా మామూలు. రోగి కుర్చీలో సర్దుకుని కూర్చునేలోపే వెనకమనిషి భుజం మీంచి చీటీ చాపేవాడు. మందు రాయడానికి వీలయ్యేది, ఆ మందు ఎందుకు మానకూడదో చెప్పడానికి వీలయ్యేది కాదు. నాకేమో ఆ చెప్పడమే ఇష్టం. అంతలో భువనేశ్వర్‌లో ఒక చిన్న సంస్థ మా గంజాం జిల్లా తీరంలో ఉన్న తెలుగు కుటుంబాల కోసం, వాళ్ళ యాసలోనే ఆరోగ్యం మాటలు రికార్డు చేసి ఫోన్లకు పంపాలనుకుంది. డాక్టరు కావాలి, ఆ యాస రావాలి. చేపలమ్ముకుని తిరుగు బస్సుకు ముందు మా కొట్లో మిరపకాయలు కొనుక్కెళ్ళే ఆడవాళ్ళ మాటలు వింటూ పెరిగినదాన్ని నేను. ఇంకేం, దొరికిపోయాను.

మా పిన్ని నాకు రేడియో డాక్టరని పేరు పెట్టింది. "మైకులో మాటాడ్డానికి అంత సదువేటికే? పదో క్లాసు సాలదేటి?" అంటుంది, వచ్చినప్పుడల్లా, ఏదో కొత్తగా తట్టినట్టు. నాతో చదివినవాళ్ళ వాట్సాప్ గ్రూపులో ఎవరైనా "ఇప్పుడు ప్రాక్టీసెక్కడ?" అని అడిగితే "ఇంట్లోనే" అని రాస్తాను. ఇంట్లో క్లినిక్ పెట్టుకున్నానని అనుకుని అందరూ దండాల బొమ్మలు పెడతారు. ఆ బొమ్మలు చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. అయినా నిజం రాయను. రాస్తే పిన్ని అడిగిన ప్రశ్నే ఇంగ్లీషులో అడుగుతారు.

పని బాగానే ఉంటుంది. బీపీ తగ్గిందనిపించగానే మాత్ర ఎందుకు మానకూడదు, ఎండుచేపల్లో ఉప్పు ఎంత ఉంటుంది, సముద్రం మీద దాహమేసేదాకా ఆగకుండా నీళ్ళెందుకు తాగాలి, ఇలాంటివి చిన్న చిన్న ముక్కలుగా చెబుతాను. గోనెసంచులు శబ్దాన్ని మింగేస్తాయి, బాగుంటుంది. మిర్చి ఘాటు మాత్రం వదలదు, మాట మధ్యలో తుమ్మొస్తే మళ్ళీ మొదటికే. కాని ఓపీలో జనం నామీద అరిచేవాళ్ళు, ఏడ్చేవాళ్ళు, వచ్చిన జబ్బు వదిలేసి కోడలి గురించి చెప్పేవాళ్ళు. ఇక్కడ గోనెసంచులు ఏమీ చెప్పవు. కింద అన్నయ్య, వదిన, పిల్లలు కలిసి భోంచేస్తుంటే కంచాల చప్పుడు మెట్ల మీదుగా వస్తుంది. "రికార్డింగు అయ్యాక దిగు అమ్మాయ్, నీకు మూతపెట్టి ఉంచుతాను" అంటుంది వదిన. ఉంచుతుంది కూడా. ఆ చల్లారిన అన్నం ముందు ఒక్కదాన్నే కూర్చున్నప్పుడు, ఇంత ఒంటరితనం నేనే కోరి తెచ్చుకున్నానా అనిపించేది.

మొదట్లో నాకొక అలవాటుండేది. తిన్నారా అని అడిగాక వెంటనే తర్వాతి మాటకు పోలేకపోయేదాన్ని. మాత్ర ఏసుకున్నారా అన్నాక కూడా అంతే. ఎదుటివాళ్ళు తలూపేదాకా ఆగడం ఓపీలో ఒంటికి పట్టిన అలవాటు. రికార్డింగులో అక్కడ కాస్త ఖాళీ వచ్చేది. మా పని చూసే అమ్మాయి భువనేశ్వర్ నుంచి ఫోన్ చేసింది. చురుకైన పిల్ల, ఒడియాలో గలగలా మాట్లాడుతుంది. ఆ ఖాళీ దగ్గర జనం వినడం ఆపేస్తున్నారట, మాట అయిపోయిందనుకుంటున్నారేమోనట, కోసేస్తానంది. రోజూ వినేవాళ్ళెవరో తెలియకుండా మాట్లాడేదాన్ని, నేనేమని వాదిస్తాను? కొయ్యమన్నాను. ఆ తర్వాత నుంచి నా గొంతు ప్రశ్న అడిగి, ఊపిరి తీసుకోకుండా ఉప్పు గురించి చెప్పుకుపోయేది. విని చూస్తే నాకే నచ్చేది కాదు. వినడం మానేశాను.

అలా కొన్ని నెలలు గడిచాక నా సీనియర్ ఒకావిడ పిలిచింది. సొంతంగా ఆసుపత్రి పెట్టుకుంది, నాకోసం గది సిద్ధంగా ఉందట. "ఎన్నాళ్ళని గోడలతో మాట్లాడతావు? ఆదివారంలోపు అవునో కాదో చెప్పు" అంది. గోడలతో అన్న మాట సూటిగా వచ్చి తగిలింది. సరేననబోయి, చివరి నిమిషంలో ఆగాను. ఒక్కసారి వెళ్ళి చూసొస్తే? నా మాట వినేవాళ్ళు ఒక్కరైనా ఉన్నారా లేదా కళ్ళారా చూసి, లేకపోతే నిశ్చింతగా ఆసుపత్రిలో చేరిపోవచ్చు. ఆ మర్నాడే ఛత్రపూర్ దాకా బస్సులో, అక్కణ్ణించి ఆటోలో, నా మాటలు చేరే తెలుగు జాలరిపల్లె చమఖండికి వెళ్ళాను.

నేను దిగేసరికి బోట్లు తిరిగొచ్చేశాయి. వలలు దులుపుతున్న మగవాళ్ళకు కాస్త ఎడంగా, నలుగురైదుగురు ఆడవాళ్ళు ఇసకలో టార్పాలిన్ పరుచుకుని చిన్నచేపలు ఏరుతున్నారు. నేనెవరినో చెప్పుకోకూడదని బస్సులోనే గట్టిగా అనుకున్నాను. తీరా వాళ్ళ ముందు నిలబడ్డాక, ఏం మాట్లాడాలో తోచక, నోటికి అలవాటైనదే అనేశాను.

"ఏటి, బాగున్నారా? తిన్నారా?"

అని, జవాబు కోసం ఆగాను. చేతులన్నీ చేపల మీద ఆగిపోయాయి. వాళ్ళలో చామనఛాయ మనిషి, నలభై ఏళ్ళుంటాయేమో, చీర చెంగుతో చేతులు తుడుచుకుంటూ లేచింది.

"ఒలే, ఇది ఫోన్లో గొంతే! నువ్వు ఆ డాక్టరమ్మవి కాదేటి?"

అవునన్నాను. చెప్పొద్దూ, ఆ క్షణాన ఏనుగెక్కినంత సంబరపడ్డాను. ఆ సంబరం ఎంతోసేపు నిలవలేదు. ఆవిడ నడుం మీద చెయ్యేసుకుని నన్ను దులిపేయడం మొదలెట్టింది.

"మరేటమ్మా, అంత గీర? మునుపు తిన్నారా అని అడిగి మేం సెప్పిందాకా ఆగీదానివి. ఇక్కడ కూకుని అందరం తిన్నాం తిన్నాం అనీవోలం. ఇప్పుడు అడుగుతావు, ఎలిపోతావు. ఇననప్పుడు అడగడమేటికి?"

మిగతావాళ్ళు నవ్వారు గాని, ఆ నవ్వులో అవునన్న మాటే ఉంది. తిన్నావా అని అడిగినవాళ్ళకు జవాబు చెప్పకపోతే అక్కడ తప్పు. అడిగి జవాబు వినకుండా పోతే ఇంకా తప్పు. ఏ పనిలో ఉన్నా, అడిగినవాళ్ళు ఎవరైనా, తిన్నామనో ఇంకా లేదనో చెప్పాక గాని మరో మాట మాట్లాడరు. అడిగింది ఫోనైనా వాళ్ళకు ఒకటే. నేను పొరపాటున వదిలిన ఖాళీలో ఇంతమంది కూర్చుని జవాబు చెప్పారన్న సంగతి నాకు ఎవరు చెబుతారు?

ఫోన్లో అడిగేది మనిషి కాదు, ముందే రికార్డు చేసిన మాట, అక్కడ ఏమన్నా నాకు వినపడదు అని చెప్పబోయాను. "తెల్దేటి మాకు?" అని కసిరింది. "ఇనపడకపోతే మాత్రం? సెప్పడం మా వంతు కాదా?"

తర్వాత కాస్త చల్లబడి, నన్ను పక్కకు తీసుకెళ్ళి, వాళ్ళాయన సంగతి చెప్పింది. ఆయన కేరళలో పెద్ద బోటు మీద పనికి పోయాడు. బోటెక్కితే రోజుల తరబడి సముద్రం మీదే. "ఆ బోటులో మన మాట మాటాడీవోలు ఒక్కరూ నేరు. ఒక్కడే కూకుని తింటాడు. నువ్వు మాటాడినవి నాను పంపిత్తే, అన్నం కాడ పెట్టుకునీవోడు. నువ్వు అడిగితే తిన్నానమ్మా అనీవోడంట. మాత్ర ఏసుకున్నావా అంటే, అప్పుడు ఏసుకుని, ఏసుకున్నాను అనీవోడంట. నానడిగితే ఇనడు. నువ్వడిగితే ఇనీవోడు."

ఆయనకు బీపీ. ఒకసారి బోటు మీదే కళ్ళు తిరిగి పడిపోతే ఒడ్డుకు తెచ్చారు. మాత్ర మానొద్దని అక్కడి డాక్టరు మరీ మరీ చెప్పాడట. ఆవిడ ఫోన్ తీసి, ఆయన పంపిన మాట వినిపించింది. ఇంజను చప్పుడు మధ్య అలసిపోయిన గొంతు.

"ఒలే, ఆ డాక్టరమ్మయి ఇంక పంపకు. తిన్నావా అంటాది, సెప్పేలోపు దాని మానాన అది ఎలిపోతాది. ఇంక నానెవులికి సెప్పాలి?"

"ఆ రోజు కాణ్ణించి మాత్ర ఏసుకుంటన్నావా అంటే ఊఁ అనడు, ఊఁహూఁ అనడు," అంది ఆవిడ. అంతవరకూ నన్ను తిట్టిన మనిషి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "మునుపట్లాగ మాటాడమ్మా. నీకు పుణ్యముంటాది."

తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చుని ఏడ్చాను. ఎవరి కోసమో స్పష్టంగా తెలియదు. ఎక్కడో సముద్రం మీద కంచం ముందు పెట్టుకుని కూర్చున్న ఆ మనిషీ, బడా బజార్‌లో చల్లారిన అన్నం ముందు నేనూ ఇన్నాళ్ళు ఒకరికొకరు తోడుగా ఉన్నాం. ఆ సంగతి ఆయనకు తెలుసు. నాకే తెలియలేదు.

ఇంటికి రాగానే భువనేశ్వర్ అమ్మాయికి ఫోన్ చేశాను. ఖాళీ మళ్ళీ పెట్టాలన్నాను. జనం ఆపేస్తారండీ అంది. ఆపేసేవాళ్ళు ఆపేస్తారు, ఆగి జవాబు చెప్పేవాళ్ళు ఉన్నారు, అది కోస్తే నన్నూ కోసేయమన్నాను. గొంతు పెంచానేమో, కింద కొట్లో అన్నయ్య తలెత్తి పైకి చూశాడట. ఆ పిల్ల మెత్తబడింది. సరే, కొన్నాళ్ళు చూద్దాం, అంది. ఆదివారం ఆగకుండా నా సీనియర్‌కు కూడా రానని చెప్పేశాను. "గోడలే నయమా?" అంది. నయమేనన్నాను. ఫోన్ పెట్టేశాక భయం వేసింది. ఆయన మళ్ళీ వింటాడో లేదో, మాత్ర సంగతి ఏమవుతుందో, ఆసుపత్రిలో అయితే చెయ్యి పట్టుకుని బీపీ చూసి ఉండేదాన్ని కదా అని.

కొత్త రికార్డింగు పంపిన తర్వాత రోజూ ఫోన్ వంక చూసేదాన్ని. చమఖండి మనిషి నా నంబరు తీసుకుంది గాని ఏమీ పంపలేదు. బోటు ఒడ్డుకొస్తే గాని ఆయనకు సిగ్నలుండదని తెలుసు. తెలిసినా కుదురుండేది కాదు. నా చిరాకంతా వదిన మీద చూపించాను. పాపం, ఆవిడ మూతపెట్టి ఉంచడం మానలేదు.

ఒక మధ్యాహ్నం రికార్డింగు ముగించి మైకు కట్టేస్తుండగా వచ్చింది. ఆవిడ మాటేమీ లేదు, ఆయన పంపింది పంపినట్టే ఇటు తోసింది. మొదట ఇంజను చప్పుడు. దాని వెనక, మరో ఫోన్లోంచి, నా గొంతే. బాగున్నారా, తిన్నారా, అని అడిగి ఆగింది.

"తిన్నానమ్మా," అన్నాడాయన.

మాత్ర ఏసుకున్నారా అని నా గొంతు అడిగింది. మళ్ళీ ఆగింది. నీళ్ళు గుటకేసిన చప్పుడు.

"ఏసుకున్నాను. నువ్వు తిన్నావేటి?"

అక్కడితో నేను వదిలిన ఖాళీ అయిపోయింది. నా గొంతు ఆయన మాటకు జవాబు చెప్పకుండా ఎండుచేపల్లో ఉప్పు గురించి మొదలెట్టింది. ఆయనేమీ అనుకున్నట్టు లేదు, ఊఁ కొడుతున్నాడు.

నేను ఆ గోనెసంచుల మధ్య ఫోన్ పట్టుకుని నిలబడ్డాను. నన్ను ఎవరైనా ఆ మాట అడిగి ఎన్నాళ్ళయిందో గుర్తు రాలేదు.

"ఇంకా నేదు," అన్నాను, ఆయన యాసలోనే, పైకే. కింద వాళ్ళ భోజనాలు అయిపోయాయి. వదిన కంచాలు కడుగుతోంది.