కొబ్బరి మట్ట పడలేదు

నాలుగేళ్లుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. ఇంట్లో కూడా చెప్పలేదు. మీరెవరో నాకు తెలీదు, అందుకే మీకు చెబుతున్నాను.

మాది ఉద్దానంలో వరస ఇళ్ల ఊరు. గోడ అవతల దమయంతి వాళ్లు. వాళ్లమ్మ పలాసలో జీడిపప్పు ఒలిచే పనికి వెళుతుంది. మేం వైఫై పెట్టించిన రోజే, పెరుగు తోడు అడిగినట్టు వీధంతా పాస్‌వర్డ్ అడిగింది. ఇచ్చాను. మొదట్లో గొప్పగానే అనిపించింది. తర్వాత పొద్దస్తమానం నా అరుగు నిండా ఫోన్లే. నా ఇంట్లో నెట్టు, నాకే రాదు. తెర మీద ఆ చక్రం తిరగడం చూసి చూసి పిచ్చెక్కేది.

ఆ మధ్యాహ్నం క్రికెట్ చూస్తున్నాను. మంచి రసపట్టులో బొమ్మ ఆగిపోయింది. ఒళ్లు మండింది. లేచి పాస్‌వర్డ్ మార్చేశాను. వైఫై డబ్బా దీపాలు కనబడకుండా తువ్వాలు కప్పాను.

కాసేపటికే దమయంతి వచ్చింది.

“మావా, నెట్టు పోనాదేటి?”

“కొబ్బరి మట్ట పడి వైరు తెగిపోనాదమ్మా.”

“అయ్యో, కాలేజీ ఆప్షన్లు పెట్టడానికి ఈయేలే ఆకరి రోజు మావా! ఫోన్లో డేటా నేదు.”

“పలాస టేసనుకి ఎల్లు. అక్కడ వైఫై ఊరికే వత్తాది.”

కొబ్బరితోటల్లో బతికేవాళ్లకి ఆ మాట మీద అనుమానం ఎందుకొస్తుంది? పరుగున పోయి ఆటో ఎక్కింది. అప్పుడైనా వెనక్కి పిలవొచ్చు కదా? పిలిస్తే అబద్ధం బయటపడుతుందని, వీధిలో పరువు పోతుందని, ఎలాగూ స్టేషన్లో పనైపోతుందిలే అని నాకు నేనే సర్దిచెప్పుకుని మళ్లీ మ్యాచ్ పెట్టుకున్నాను. స్టేషన్లో సిగ్నల్ వస్తూ పోతూ ఉందట. గడువు దాటిపోయింది. సీటు పోయింది. ఇంకో ఏడాది ఆగడం వాళ్లమ్మ వల్ల కాలేదు, తనతోపాటే జీడిపప్పు పనికి తీసుకుపోయింది. జీడి అంటి ఆ పిల్ల వేళ్లు నల్లబడ్డాయి.

పోయిన వారం నిజంగానే మట్ట పడి మా వైరు తెగింది. ఇప్పుడు దమయంతికి సొంత నెట్టుంది. అడక్కముందే వచ్చి, నా ఫోన్ తీసుకుని, ఆ వేళ్లతోనే పాస్‌వర్డ్ కొట్టింది.

“నీ నెట్టు మేం ఎన్నాళ్లు వాడుకోనేదు మావా!” అంది.

చెప్పాలనే నోరు తెరిచాను. “మజ్జిగ తాగుతావా?” అని అడిగాను. పిరికివాణ్ణి.

మట్ట పడలేదు దమయంతీ. వైరు తెగలేదు. ఇదిగో, రాసేశాను. బరువు కాస్త జరిగినట్టుంది, దిగలేదు. ఇది మీకు చేరేది కూడా ఆ పిల్ల ఇచ్చిన నెట్టు మీదే.