అడ్జస్ట్ అయ్యేవాళ్లు

మా బడిలో ప్రార్థన అయ్యీ కాకముందే అటెండరు ఒక చీటీ పట్టుకుని స్టాఫ్ రూముకు వస్తాడు. దాని పేరు అడ్జస్ట్‌మెంటు. సెలవు పెట్టినవాళ్ల పీరియడ్లు ఆ రోజు ఎవరి మెడకు చుట్టుకుంటాయో అందులో రాసి ఉంటుంది. లెక్కల సారుకు జ్వరమొస్తే ఇంగ్లీషు చెప్పే నేను వెళ్లి తొమ్మిదో తరగతిలో కూర్చోవాలి. నాకు లెక్కలు రావు, ఆ పీరియడులో ఇంగ్లీషు చెబితే పిల్లలు వినరు. గంట కొట్టేదాకా వాళ్లు అరవకుండా చూసుకోవడమే పని. వరండాలో హెడ్‌మాస్టరు ఎదురుపడి, "ఈ పొద్దుకు కొంచిం అడ్జస్ట్ చేసుకోండి మేడమ్" అని నవ్వుతారు. ఆ నవ్వు చూశాక కాదనడానికి నోరు రాదు. అలా కాదనలేక సర్వీసు మొత్తం గడిచిపోయింది, ఇంకొన్నాళ్లలో రిటైరవుతాను.

బడి దాటి బయటికొచ్చినా అదే మాట. చిత్తూరు బస్సులో ఇద్దరు కూర్చునే సీటు దగ్గర మూడో మనిషి నిలబడి, "రవ్వంత అడ్జస్ట్ కాక్కా" అంటుంది. అనడం పూర్తయ్యేలోపు కూర్చుని ఉంటుంది. మా వీధి టైలరుకు జాకెట్టు బిగుతుగా ఉందని చెబితే, "వేసుకుంటా ఉంటే అదే అడ్జస్ట్ అయితాది లేక్కా" అని కత్తెర పక్కన పెట్టాడు. జాకెట్టు అవుతుందో నేనవుతానో చెప్పలేదు. పెళ్లిచూపులకు వెళ్లొచ్చినవాళ్లను ఎవరైనా అడిగేది పిల్ల చదువు గురించి కాదు. "అడ్జస్ట్ అయ్యే రకమేనా?" అని అడుగుతారు. అవునంటే సగం పెళ్లి అయిపోయినట్టే.

నేను పాఠం చెప్పే పుస్తకాల్లో ఈ మాటకు ఇంత పని లేదు. ఎవరో కళ్లజోడు సరిచేసుకుంటారు, ఎవరో సైకిలు సీటు కాస్త కిందికి దించుతారు. అక్కడ సరిచేసేది వస్తువును. మా దగ్గర మనిషిని. నా పెళ్లిలో ముసలివాళ్లు నా గడ్డం పట్టుకుని "సర్దుకుపోవాలమ్మా" అన్నప్పుడు వాళ్ల కళ్లల్లో నీళ్లు తిరిగాయి. ఏం అడుగుతున్నారో వాళ్లకు తెలుసు, వాళ్లూ అది మోసినవాళ్లే. అడ్జస్ట్ అనే మాటకు ఆ బరువు లేదు. వక్క నములుతూ కూడా అనేయవచ్చు. ఎదుటివాళ్లు బరువెత్తుతున్నారని అన్నవాళ్లకు తెలియనే తెలియదు.

తిరుపతిలో కాపురం ఉండేవాళ్లకు ఈ మాటతో ఇంకో బంధుత్వం ఉంది. కొండకు వచ్చే చుట్టాలు మా ఇంట్లో దిగుతారు. మా ఆయన తరఫువాళ్లు, నా తరఫువాళ్లు, వాళ్ల పక్కింటివాళ్లు, ఒకసారి మా ఆయన ఎప్పుడో రైల్లో పరిచయం చేసుకున్నాయన కుటుంబం. కొండకు పొయ్యేవాళ్లను కాదనకూడదని ఈ ఊళ్లో ఒక ఆచారం. మా ఆయన దాన్ని వేదవాక్కులా పాటిస్తాడు. "వాళ్లకు ఒక ముద్ద పెడితే మనం దర్శనం చేసుకున్నట్టే" అంటాడు. ఆ లెక్కన ఆయనకు స్వామి దర్శనం వారం వారం అవుతూనే ఉంది. ముద్ద వండినదానికి ఏమైనా దక్కిందో లేదో నేను అడగలేదు.

వచ్చినవాళ్లు చెడ్డవాళ్లేమీ కారు. గడప దగ్గరే, "మాకోసం ఏం చెయ్యొద్దు, మేం అడ్జస్ట్ అయిపోతాం" అంటారు. ఆ తర్వాత వేణ్ణీళ్లు కావాలి, పిల్లలకు పాలు కావాలి, తడిబట్టలు ఆరేయడానికి తాడు కావాలి. కొండ దిగి వచ్చాక గుండ్లకు పూసుకున్న చందనం ఆరకముందే తలగడల మీద వాలిపోతారు. మా ఇంట్లో పసుప్పచ్చ మరక లేని గలీబు ఒక్కటి కూడా లేదు. వెళ్తూ వెళ్తూ చేతిలో లడ్డూ ముక్క పెట్టి, మా ఇల్లు కూడా గుడిలాంటిదేనని పొగుడుతారు. గుడికి తలుపులు మూసే వేళ ఒకటుంటుంది. మా ఇంటికి లేదు.

ఇదంతా చేశాను. విసుక్కుంటూనైనా చేశాను. అమ్మ మా ఇంటికి వచ్చాక మాత్రం చేయడం కష్టమైంది.

అమ్మది నగరి పక్క పల్లె. మగ్గం నేసే ఇంట్లో పుట్టి, మగ్గం నేసే ఇంట్లోనే మెట్టింది. నాయన పోయాక కళ్లు మందగించాయి. నరం ఎండిపోయింది, పోయిన చూపు తిరిగి రాదన్నారు డాక్టర్లు. వెలుతురు, చీకటి తేడా తెలుస్తుంది, అంతే. నేను తీసుకొచ్చి వెనకవైపు చిన్నగది ఇచ్చాను. ఆ గదిని నేర్చుకోవడానికి ఆమెకు ఒక వానాకాలం పట్టింది. మంచం కోడు, అక్కణ్నుంచి చెయ్యి చాస్తే గోడ, గోడ వెంబడే పోతే తలుపు చెక్క, తలుపు దాటగానే బాత్‌రూము గడియ. నూలు పోగు తెగిందో లేదో వేళ్లతో పట్టేసిన మనిషి, ఇంటిని కూడా వేళ్లతోనే పట్టింది. ఒకరోజు నన్ను పిలవకుండా తనంతట తాను వెళ్లి వచ్చి, మంచం మీద కూర్చుని నవ్వింది. ఆ నవ్వు చూసి నాకు ఏడుపొచ్చింది.

కళ్ల డాక్టరు కూడా ఒకటే చెప్పారు. "ఇంట్లో సామాన్లు జరపొద్దు. యాడుండేది ఆడనే ఉండాల. ఆమెకు ఇంక చూపంటే అదే." ఆ రోజునుంచి ఇంటి విషయంలో నా కోరిక ఒక్కటే. అమ్మ మంచం కదలకూడదు.

అది నిలవలేదు. జంట వస్తే గది కావాలి, పసిబిడ్డ తల్లి వస్తే గది కావాలి. "అవ్వ హాల్లో అడ్జస్ట్ అయితాది లే" అని ఎవరో ఒకరు అంటారు. ఆమెకు అడ్డం చెప్పే అలవాటు లేదు. గేటు చప్పుడు వినగానే తలగడ చంకలో పెట్టుకుని లేచి నిలబడేది. అడగకముందే లేచే మనిషిని చూసి, పెద్దావిడ ఎంత మంచిదో అని మెచ్చుకునేవాళ్లు. ఆ మెప్పు వింటే నాకు ఒళ్లు మండేది.

ఈ ఎండాకాలం మొదట్లో, ఒంటిపూట బడులు పెట్టిన రోజుల్లో, పలమనేరు నుంచి మా వదిన ఫోను చేసింది. మా ఆయనకు అక్క. అప్పుడే కూతురి పెళ్లి చేసింది. కొత్త జంటను, వియ్యంకుల్ని తీసుకుని కొండకు వస్తామని చెప్పింది.

"వదినా, అమ్మకు బొత్తిగా కనపడ్డంల్యా. ఈసారి గది ఇవ్వలేను. లాడ్జిలో ఒక రూము సూస్తాను" అన్నాను.

"సొంత తమ్ముని ఇల్లు పెట్టుకోని లాడ్జిలో దించితే వియ్యంకులు ఏమనుకుంటారు మే? రెండు దినాలే గదా. అత్తమ్మ ఏమీ అనుకోదు, అడ్జస్ట్ అయిపోతాది" అంది.

నేను మా ఆయన వైపు చూశాను. ఆయన పేపరులోంచి తల ఎత్తలేదు. ఆ తర్వాత కూడా, "కొత్త వియ్యంకులు, పరువు విషయం" అని మాత్రం అన్నాడు. నాకు మింగలేక కక్కలేక అయింది. చివరికి మింగాను.

వ్యాను నిండా వచ్చి దిగారు, వియ్యంకుల తరఫు కుర్రాళ్లు, ఆడపిల్లలు కూడా. పాలక్యాను నిండా పెరుగు, బుట్టెడు టమోటాలు తెచ్చింది వదిన. ఆమె చేతికి ఎముక లేదు, ఆ మాట ఒప్పుకోవాలి. మంచం హాల్లోకి వచ్చి మెట్ల కింద మూలన పడింది. నేను అమ్మ చెయ్యి పట్టుకుని కొత్త దారి నడిపించాను. ఇట్ల గోడ, ఇది ఫ్రిజ్జు, ఇది దాటితే తలుపు. మళ్లీ ఒకసారి నడిపించాను. "తెలిసింది లే పాపా, నువ్వు పోయి పని సూసుకో" అంది.

మర్నాటికి దర్శనం అయింది. పొద్దున కొండ దిగి వచ్చారు. మా ఆయన పెద్దవాళ్లను కాళహస్తికి తీసుకెళ్లాడు. చిన్నవాళ్లు రాత్రంతా క్యూలో ఉన్నారు, ఇంట్లోనే పడుకుంటామన్నారు. నేను బడికి వెళ్లాను. ఆరోజు ఇద్దరు టీచర్లు రాలేదు, చీటీలో రెండు చోట్ల నా పేరే ఉంది. బడి వదిలాక కూడా పరీక్ష పేపర్లు సర్దడానికి కాసేపు అడ్జస్ట్ కమ్మన్నారు. ఎండలో నడిచి ఇంటికి వచ్చేసరికి బాగా ఆలస్యమైంది.

తలుపు తీస్తే కర్టెన్లు వేసి ఉన్నాయి. హాలు నిండా చాపలు, చాపల మీద మనుషులు, గోడల వెంబడి సంచులు. ఫ్యాను తిరుగుతోంది, అందరూ ఒళ్లెరగని నిద్రలో ఉన్నారు. ఆ మనుషుల మధ్య మా అమ్మ నిలబడి ఉంది. ఒక చెయ్యి ముందుకు చాచి ఉంది, దానికి ఏ గోడా తగలడం లేదు. ఎంతసేపటి నుంచి అలా ఉందో తెలియదు. చీర తడిసి ఉంది. పాదాల కింద గచ్చు తడిసి ఉంది.

అడుగు చప్పుడు పట్టి, "నువ్వేనా పాపా?" అంది, గుసగుసగా. "యాడ కాలు పెట్టినా ఎవురో ఒకరు తగల్తాండారు. తొక్కుతానేమోనని ఈడనే నిలబడుకున్నా."

"పిలవకూడదా మా?"

"బిడ్డలు రేయంతా నిద్ర లేకండా వచ్చినారు గదా. లేపితే ఏం బాగుంటాది."

చాపల సందుల్లోంచి ఆమెను నడిపించుకుని వెళ్లి స్నానం చేయించాను. కోపం ఎవరి మీదో తేలలేదు. పడుకున్న పిల్లలు మంచివాళ్లే, ఒక్క కేక వేస్తే అందరూ లేచి పట్టుకునేవాళ్లు. ఆ కేక వేయడం ఆమెకు రాదు. జీవితమంతా చోటు ఇవ్వడమే నేర్చుకుంది, అడగడం నేర్చుకోలేదు. నేను చీర పిండుతుంటే నా మోచెయ్యి తడిమి పట్టుకుంది. "ఎవురికీ చెప్పొద్దు పాపా. అల్లునికి కూడా చెప్పొద్దు" అంది. సరే అన్నాను.

చుట్టాలు వెళ్లిన సాయంత్రం మా ఆయనతో, "ఇంక మన ఇంట్లో ఎవరినీ దించుకునేది లేదు. మీరు చెప్పలేకపోతే నేను చెప్తాను" అన్నాను. ఏమైందని అడిగాడు. ఏమీ కాలేదన్నాను. కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుందంటారు. ఇక్కడ చించుకోవడానికి కూడా వీల్లేదు, అమ్మకు మాట ఇచ్చాను. కారణం లేని కోపం ఆయనకు పొగరుగా కనిపించింది. కొన్నాళ్లు నాతో ముభావంగా ఉన్నాడు.

అన్నట్టుగానే చేశాను. ఫోను వస్తే చోటు లేదని చెప్పాను. మొదట్లో వాళ్లు ఎగతాళికి అంటున్నానేమోనని నవ్వారు. మళ్లీ అదే చెబితే ఫోను పెట్టేసేవాళ్లు. సంగతి వదినకు తెలిసింది. తమ్ముడి పెళ్లానికి రిటైరవక ముందే కళ్లు నెత్తికెక్కాయని పలమనేరులో చెప్పుకుంటోందట. చెప్పుకోనీ. అలసిపోయినవాళ్లకు చెడ్డపేరు కూడా ఒక విశ్రాంతిలాగే ఉంటుందని అప్పుడే తెలిసింది.

పరీక్షల పనిలో పడి, చుట్టాలు వెళ్లినా అమ్మ మంచం మెట్ల కిందే ఉండిపోయింది. ఒక ఆదివారం గది కడిగాను. కొత్త గలీబులు కొన్నాను, మరక లేనివి. మంచం ఎప్పటి చోటుకే చేర్చి, కోడు గోడకు ఎంత దూరంలో ఉండాలో నా చేత్తోనే కొలిచి పెట్టాను. మెట్ల కింద మూలలో చాప మీద కూర్చున్న అమ్మ దగ్గరికి వెళ్లి, "రా మా, నీ గది తయారు చేసినా" అన్నాను.

అమ్మ లేవలేదు.

"వద్దు లే పాపా. నేనీడనే ఉంటా."

"ఇది దారి మా. వచ్చేవాళ్లు పొయ్యేవాళ్లు తగల్తారు. ఆడైతే నీకు అన్నీ తెలుసు గదా."

"ఈడ కూడా నేర్చుకున్నా. ఫ్రిజ్జు, తలుపు, అన్నీ తెలుస్తాండాయి." కాసేపు చాప అంచును వేళ్లతో సవరించింది. "ఆడ పండుకుంటే మళ్లా లెయ్యాల. ఈడైతే ఎవురూ లెయ్యమనరు."

"ఇంక ఎవురూ రారు మా. అందరికీ చెప్పేసినా."

అమ్మ నవ్వింది. నా మాట నమ్మనప్పుడు, నన్ను నొప్పించకుండా నవ్వే నవ్వు అది.

"తిరుపతిలో ఇల్లు పెట్టుకోని ఎవురూ రారంటే ఎట్ల పాపా" అంది.

ఎంత బతిమాలినా రాలేదు. మంచం అక్కడికే తెస్తానంటే, చాప చాలు, చాపైతే చుట్టి పక్కన పెట్టుకోవచ్చు అంది. నాలుగు నెలలు కావస్తోంది. అమ్మ మెట్ల కిందే పడుకుంటోంది. ఆ గదిలో మంచం మీద దుప్పటి పరిచినది పరిచినట్టే ఉంది. ఎవరైనా ఫోను చేస్తే, మా ఇంట్లో చోటు లేదని చెబుతున్నాను.