పీపాగారి సీసా

బస్సుల మరమ్మతు షెడ్డులో విడిభాగాల గది తాళాలు ఎవరి దగ్గర ఉంటాయని అడిగితే, నిన్న చేరిన క్లీనరు కూడా తడుముకోకుండా పీపాగారి దగ్గర అని చెబుతాడు. తల్లిదండ్రులు పెట్టిన పేరు ఆయనకు వేరే ఉన్నది గాని, జీతాల రోజున తప్ప దాని అవసరం ఎవరికీ కలగలేదు. ఈ బిరుదు ఆకారాన్ని చూసి ఇచ్చినది కాదు. ఆకారం మాటకు వస్తే ఆయన చీపురుపుల్లకు చొక్కా తొడిగినట్లుంటారు. పీపా నిండా తాగినా తూలడన్న ఖ్యాతిని పురస్కరించుకొని మిత్రులు ప్రేమతో ప్రదానం చేసిన బిరుదు అది.

షెడ్డులో ఆయన హోదా గురించి విస్తరించి చెప్పవలసినది ఏమీ లేదు. ఇంజినీరుగారు ఆయనను “ఏమయ్యా స్టోరూ” అని పిలిచేవారు. అదైనా బేరింగు కావలసి వచ్చినప్పుడే. ఇంట్లో ఆయన మాట ఎంతవరకు చెల్లుతుందో ఆ ఇంటి గోడలకు తెలుసు, అవి బయటకు చెప్పవు. మనిషన్నవాడికి ఎక్కడో ఒకచోట గౌరవం ఉండాలి గదా. పీపాగారికి అది శనివారం సాయంత్రాలలో, టైర్ల కొట్టు వెనక గదిలో లభించేది.

ఆ గదిలో చేతులున్న కుర్చీ ఒక్కటే. కొట్టు యజమానితో సహా తక్కినవారంతా పాత టైర్ల మీద కూర్చునేవారు. కుర్చీ మాత్రం పీపాగారిది. రెండో గ్లాసు దాటగానే కొట్టు యజమానికీ, పక్కన లారీలు తూచే కాటా మనిషికీ ఏదో ఒక తగవు పుట్టడం, గొంతులు పైకప్పును తాకడం, అప్పుడు పీపాగారు గ్లాసు కింద పెట్టి రెండు ముక్కల్లో సంగతి తేల్చడం అక్కడి ఆనవాయితీ. తాగినవాడి తీర్పుకు విలువేమిటని బయటివారు శంకించవచ్చు. ఆ గదిలోని న్యాయశాస్త్రం వేరు: తాగని బుద్ధి నిలబడటంలో విశేషమేమున్నది, తాగి కూడా నిలబడినదే బుద్ధి.

“నిండు కుండ తొణకదురా, చూసి నేర్చుకోండి!” అని కొట్టు యజమాని ప్రతి వారమూ అందరినీ మందలించేవాడు.

ఆ కుండలో ఉన్నది అల్లం నీళ్లని అక్కడ ఎవరికీ తెలియదు.

పూర్వాపరాలు చెప్పవలసి ఉన్నది. ఉద్యోగంలో చేరిన కొత్తలో పీపాగారు ఆ గదిలో ఒకే ఒక్క గుక్క సారా తాగారు. అది వెళ్లిన దారినే, వెళ్లినంత వేగంగానూ తిరిగి వచ్చింది. టైర్ల చాటున జరిగినందువల్ల ఎవరూ చూడలేదు. మరుసటి శనివారం ఆయన తన సీసాతోనే వచ్చి, “నేను బయటి సరుకు ముట్టను. నాది ఇంటి సరుకు” అని గంభీరంగా ప్రకటించారు. ఎవరి సీసా వారిదే అన్నది ఆ గది నిబంధన గనుక ఎవరూ అభ్యంతరం చెప్పలేదు. ఒకసారి మాత్రం కాటా మనిషి నిబంధనను అతిక్రమించి, ఆయన చూడనప్పుడు ఆ సీసా ఎత్తి ఒక గుటక వేశాడు. అల్లం రసమూ, దంచిన మిరియాలూ కలిసి గొంతులోకి దిగేసరికి అతని కళ్ల వెంట నీళ్లు ధారలు కట్టాయి; చాలాసేపు మాట పెగలలేదు. పెగిలిన తరువాత అతను అన్నది ఇది: “బాబోయ్! ఇది మనుషులు తాగేది కాదురా!” బిరుదు ఆ సాయంత్రమే ఖాయమైంది. ఆ సరుకును గుటక వేసి బతికి బయటపడిన ఏకైక వ్యక్తిగా కాటా మనిషికి కూడా కొంత పేరు వచ్చింది. దానిని అతను తరువాతి సంవత్సరాలలో జాగ్రత్తగా పెంచి పోషించుకున్నాడు.

ఇంటి సరుకు తయారయ్యే కార్ఖానా పీపాగారి వంటిల్లు. ఆయన బావమరిది గృహోపకరణాల దుకాణంలో యంత్రాలను ఆడించి చూపే ఉద్యోగి. గీత పడినవి, అట్టపెట్టె చిరిగినవి, చూపించి చూపించి అలసిపోయినవి అతని ద్వారా అక్కగారింట తలదాచుకునేవి. “బావా, ఇది ఉంటే ఇక మీకు తిరుగు లేదు!” అని ప్రతి దానితోనూ అనేవాడు. ఉల్లిపాయను పువ్వులా కోసే యంత్రం ఒకటుంది. దానిని విప్పి, కడిగి, మళ్లీ బిగించేలోగా బుట్టెడు ఉల్లిపాయలు కత్తితో కోయవచ్చు. గుడ్డు పెంకును గుండ్రంగా పగలగొట్టే పరికరం ఒకటుంది. అది గుడ్డును కూడా పగలగొట్టేది. అయినా ఆ శరణార్థుల గుంపులో నిజంగా పనికివచ్చేవి కొన్ని లేకపోలేదు. పిడి నొక్కితే నిమ్మచెక్కలో చుక్క మిగల్చకుండా పిండే పరికరం, అల్లాన్ని వెన్నలా తురిమే పలక, దోమతెర కంటే సన్నని జల్లెడ, అన్నిటికీ మించి గ్యాసు సిలిండరు బిగించిన సోడా మిషను. ఆ మిషనులో చల్లని నీళ్లు తప్ప వేరేది పోయరాదని దాని మీదే రాసి ఉన్నది. పీపాగారు మొదటిసారి కలిపిన రసమంతా అందులోనే పోసి మీట నొక్కారు. వంటింటి పైకప్పు మీద ఉన్న గోధుమరంగు మరక ఆనాటిది.

ఈ రహస్యం తెలిసినది ఇల్లాలికి మాత్రమే. ఆమె దానిని కాపాడటానికి కారణం భర్త మీద ప్రేమ ఒక్కటే అనుకుంటే సగమే నిజం. వీధిలోని ఆడవారు “ఆ తాగుబోతుతో ఎలా వేగుతున్నావమ్మా, నీ ఓర్పుకు దణ్ణం పెట్టాలి” అని ఆమెను పదిమందిలో పొగిడేవారు. ఆమె తల దించుకొని, “ఏం చేస్తాం వదినా, మన రాత” అనేది. కష్టమేమీ పడకుండా ఓర్పుకు పేరు తెచ్చుకోవడం అందరికీ దక్కే అదృష్టం కాదు.

ఇంత సవ్యంగా నడుస్తున్న వ్యవస్థకు వెల్డరు వల్ల చిక్కు వచ్చింది. షెడ్డులో బస్సుల చట్రాలు అతికేది అతనే. మిత్రులందరిలో చిన్నవాడు, పీపాగారంటే ప్రాణం పెట్టేవాడు. కడుపునొప్పితో వెళితే డాక్టరు కాలేయం చెడుతోందని పరీక్షలు చూపి, మాత్రలిచ్చి, ఇక సీసా ముట్టుకుంటే తన దగ్గరకు రానక్కర్లేదని, వచ్చే ఓపిక కూడా ఉండదని చెప్పాడట. ఆ శనివారం వెల్డరు టైరు మీద కూర్చొని పీపాగారి వైపు చూశాడు.

“నువ్వు మానితే నేనూ మానతా అన్నా. నీ వల్లే కాకపోతే ఇంక నా వల్ల ఏమవుతుంది?”

పీపాగారు గ్లాసును దూరంగా జరిపి, “సరే తమ్ముడూ. ఇవాళ్టితో సరి” అన్నారు. కొట్టు యజమాని కళ్లు తుడుచుకున్నాడు. మానడానికి ఏమీ లేనివాడు మానతానని మాట ఇవ్వడం కంటే సులభమైన త్యాగం లోకంలో మరొకటి లేదు.

ఆ త్యాగానికి ఫలితాలు వెంటనే అందసాగాయి. ఇంజినీరుగారు స్వయంగా స్టోరు గదికి వచ్చి భుజం తట్టి, మొదటిసారి ఆయనను ‘మీరు’ అన్నారు. వీధిలోని ఆడవారు ఇల్లాలిని అభినందించి వెళ్లారు. పీపాగారు ఎప్పటిలాగే తిన్నారు, ఎప్పటిలాగే నిద్రపోయారు, వణకని చేతులతో మరలూ నట్లూ అందించారు. అక్కడే వచ్చింది ముప్పు.

ఎందుకంటే వెల్డరు చేతులు వణికాయి. చెమటలు పట్టాయి. గీత గీసినట్లు వేసే అతుకు పాములా వంకరలు పోయింది. ఒకనాడు అతను వెల్డింగు కడ్డీల కోసం స్టోరు కిటికీ దగ్గరకు వచ్చి, అవి తీసుకోకుండా పీపాగారి చేతులనే చూస్తూ నిలబడ్డాడు.

“అన్నా, నీకు నిద్ర పడుతోందా?”

“ఏదో... పడుతోందిలే.”

“ఒళ్లంతా చీమలు పాకినట్టు ఉండట్లేదూ?”

“ఎందుకుండదు? ఉంది. కొంచెం.” అని పీపాగారు, మిత్రధర్మం కొద్దీ, చేతిని కాస్త వణికించారు. నటనలో అనుభవం లేనందువల్ల వాషర్ల పెట్టె జారి గదంతా చెల్లాచెదురైంది.

వెల్డరు నవ్వలేదు. “నా కోసం నటించకన్నా. నాకు తెలుసు. నీది ఉక్కు. నాది తుప్పు పట్టిన రేకు. పీపాలు తాగినోడివి నువ్వే గుమ్మం దాటినంత తేలిగ్గా దాటేశావ్. నేను చారెడు తాగేవాణ్ణి, చచ్చిపోతున్నా. నా వల్ల కాదు. శనివారం కొట్టుకొస్తా, నా సీసా తెచ్చుకుంటా. పోతే పోతా.”

ఆ సాయంత్రం పీపాగారు అన్నం ముందు కూర్చొని కలపడం మరచిపోయారు. నిజం చెబితే కుర్చీ పోతుంది. కుర్చీ పోతే తాను మళ్లీ తాళాలగుత్తి మోసే చీపురుపుల్ల. చెప్పకపోతే పోయేది వెల్డరు. లెక్క తేలికైనదే, అయినా తేల్చడానికి ఆయనకు చాలాసేపు పట్టిందని ఒప్పుకోక తప్పదు.

“వాడికి చెప్పేస్తానే” అన్నారు చివరకు.

ఇల్లాలు గరిటె ఆపింది. “చెప్పండి. మరి నా సంగతేంటి? ఇన్నేళ్ల నా ఓర్పు ఏ గంగలో కలపను?”

“వాడు చచ్చిపోతాడే.”

ఆమె పొయ్యి కట్టేసింది. “రేపు పిలవండి. ఆ పైకప్పు మరక అడిగితే మాత్రం పాలు పొంగాయని చెబుతాను.”

మరునాడు పని దిగగానే వెల్డరు వచ్చాడు. వంటింట్లో స్టూలు చూపించారు.

“ఏంటన్నా, వంట నేర్పిస్తావా?”

“మాట్లాడకుండా చూడు.”

“ఆ డబ్బాలు కదపకు బాబూ,” అంది ఇల్లాలు, “మా తమ్ముడి యంత్రాలు, ఒకటి పడితే నాలుగు పడతాయి.”

పీపాగారు పొడి పెనం మీద పంచదార కరిగించి, అది ముదురు రంగుకు తిరిగి, చేదెక్కడానికి క్షణం ముందు వేడినీళ్లు పోశారు. అది బుస్సుమని పొంగి అణిగింది. రంగు కోసం పాలు కలపని టీ డికాక్షను వంచారు. పలక మీద అల్లం తురిమి పిండారు, మిరియాలు దంచి వేశారు, నిమ్మచెక్కలను పరికరంలో పెట్టి పిడి నొక్కారు. మొత్తం సన్నని జల్లెడలో వడకట్టి, మిషనులో చేసిన సోడాను చివరగా, గ్లాసు అంచు వెంబడి నెమ్మదిగా పోశారు. తక్కినది సొట్ట పడిన మూతగల ఒక సీసాలో నింపి బల్ల మీద పెట్టారు. ఆ సొట్ట వెల్డరుకు బాగా తెలిసినదే.

అతను సీసాను చూశాడు, గ్లాసును చూశాడు, వాసన చూశాడు. తరువాత ఒక గుక్క తాగి, దగ్గి, ఛాతీ రుద్దుకున్నాడు.

“ఇది నీ ఇంటి సరుకు గదన్నా!”

“అదే.”

“ఇన్నేళ్లూ ఇదేనా?”

“ఇదే.”

“ఒక్క చుక్క కూడా...?”

“మొదట్లో ఒక్క గుక్క. అదీ లోపల నిలవలేదు.”

వెల్డరు స్టూలు తన్నేసి లేచాడు. “నిన్ను చూసి నేను సిగ్గుతో చస్తున్నా గదయ్యా! నాలో మగతనం లేదనుకున్నా, బుద్ధి లేదనుకున్నా. నువ్వేమో నిమ్మకాయలు పిండుకుంటున్నావా ఇక్కడ?”

“తిట్టు బాబూ, మొహమాటపడకు,” అంది ఇల్లాలు. “నాకూ ఎప్పటినుంచో తిట్టాలనే ఉంది.”

అతను తిట్టాడు. ఆ తిట్లలో కొన్ని ఇక్కడ రాయదగినవి కావు. పీపాగారు తల వంచి, స్టోరుకు వచ్చిన సరుకు ముట్టినట్లు అన్నిటినీ స్వీకరించారు. తిట్లు అయిపోయాక వెల్డరు స్టూలు నిలబెట్టి, కూర్చొని, వణుకుతున్న తన చేతులను మొదటిసారి చూస్తున్నట్లు చూసుకున్నాడు.

“అయితే అన్నా... మన ఇద్దర్లో మందు మానింది నేనొక్కణ్ణేనా?”

“నువ్వొక్కడివే.”

“ఇన్నాళ్లూ ఎవడి తోడూ లేకుండానా?”

“ఎవడి తోడూ లేదు. నేను ఉత్త దండగ.”

వెల్డరు వెన్ను నిటారుగా అయింది. మాత్రలు చేయని పనిని ఆ మాట చేసింది. గ్లాసు ముందుకు చాచి, “ఇంకొంచెం పొయ్యి. మిరియాలు తగ్గించు, దొంగా” అన్నాడు. తరువాత తల పైకెత్తి, “వదినా, ఆ మరకేంటి?” అని అడిగాడు.

“పాలు పొంగాయి” అంది ఇల్లాలు.

శనివారం పీపాగారు సోడా మిషనును సంచిలో పెట్టుకొని టైర్ల కొట్టుకు వెళ్లి, కుర్చీ దగ్గర ఆగి, వెల్డరును అందులో కూర్చోమన్నారు. సంగతి వెల్డరే చెప్పాడు, దాచకుండా, కొంత గర్వంగా కూడా. కొట్టు యజమాని నోరు తెరిచి, చాలాసేపటికి మూసి, “అంటే మా తగవులన్నీ ఇన్నేళ్లూ అల్లం నీళ్లు తీర్చాయా?” అన్నాడు. తరువాత పడీపడీ నవ్వాడు. ఆ నవ్వులో పీపాగారి బిరుదు అధికారికంగా రద్దయింది.

నవ్వనివాడు కాటా మనిషి ఒక్కడే. అతని ముఖం పాలిపోయింది. మనుషులు తాగరాని సరుకు తాగి బతికిన కథ ఒక్కటే అతని ఆస్తి. అది నిమ్మరసమని తేలితే అతను ఇక ఏం చెప్పుకొని బతకాలి?

“అబద్ధం!” అన్నాడు. “ఇలా తే!”

సీసా ఎత్తి పెద్ద గుటక వేశాడు. కళ్ల వెంట నీళ్లు ధారలు కట్టాయి, ముఖం ఎర్రబడింది, దగ్గు ఆగలేదు. అందరూ చూస్తూనే ఉన్నారు. ఊపిరి తిరిగాక అతను చొక్కా అంచుతో కళ్లు తుడుచుకొని, “ఛ, ఇది చంటిపిల్లలు తాగేది! ఆ రోజుది ఇది కాదు. ఆ రోజుది వేరే సరుకు. ఏం పీపా, చెప్పు!” అన్నాడు.

పీపాగారు నేల మీద, టైరు పక్కన కూర్చొని నిమ్మచెక్కలు పిండుతున్నారు. నిజం చెప్పడం ఆ వారంలోనే నేర్చుకున్నారు; ఇంకా చేయి తిరగలేదు. కాటా మనిషి తడి కళ్ల వైపు ఒకసారి చూశారు.

“ఆ రోజుది ఘాటే వేరులే” అన్నారు.

“చూశారా!” అని కాటా మనిషి అందరి వైపు తిరిగి తన టైరు మీద సర్దుకొని కూర్చున్నాడు. కొట్టు యజమాని అది ఒప్పుకోనన్నాడు, గొంతులు లేచాయి, తీర్పు కోసం అందరూ కుర్చీ వైపు తిరిగారు. కుర్చీలోని వెల్డరు ఏం చెప్పాలో తోచక కింద ఉన్న పీపాగారి వైపు చూశాడు. పీపాగారు చేతికి అంటిన గింజలు విదిలించి, మిషను మీట నొక్కి, “ముందు గ్లాసులు ఇటివ్వండి” అన్నారు.