దగ్గని మనిషికి ఇనప కడ్డీ

ఆడవాళ్ళ గదిలోకి వచ్చే మగవాడు పరదా దగ్గర ఆగి ఒకసారి దగ్గాలి. ఉదయగిరి బీబీజాన్ ఇంట్లో ఆ మర్యాద పాటించనిది ఒక్కరే, ఆమె భర్త అన్న ఖాజామియా.

1952లో కొత్త ఇల్లు కట్టారు. కొయ్య గరిటెలు చెక్కే భర్త దస్తగిరి పరదాకని ఒక కొయ్య కడ్డీని అద్దంలా నున్నగా చేసి తెచ్చాడు.

"చూడు, ఎంత లాగినా చప్పుడే రాదు," అన్నాడు గర్వంగా.

"చప్పుడు రానిది నాకెందుకు? తువాళ్ళు ఆరేసుకో దానిమీద. మీ అన్న ఎట్టాగూ దగ్గడు, కడ్డీ అన్నా మోగాల. ఇనప కడ్డీ, ఇత్తడి రింగులు తీసుకురా!"

దస్తగిరి ఆత్మకూరు బజారుకు పోయి తెచ్చాడు. బీబీజాన్ పక్కనే నిలబడి, గుమ్మం పైన గట్టిగా మేకులు కొట్టించింది.

మర్నాడు ఖాజామియా ఎప్పటిలాగే వచ్చి పరదా లాగాడు. రింగులన్నీ గల్లుమన్నాయి.

"ఎవుర్రా ఆ దొంగ?" బీబీజాన్ కేకకు వీధంతా బయటికొచ్చింది.

అప్పట్నుంచీ ఖాజామియా వీధి మొదట్లోనే దగ్గడం మొదలుపెట్టాడు. పాపం, దగ్గు ముదిరిందనుకుని ఎదురింటి సుబ్బరత్నమ్మ మిరియాల కషాయం కాచి ఇచ్చింది. ఖాజామియా ఇంకోసారి దగ్గి మరీ తాగాడు.