ఆకాశంలో ఉన్న రెండు గంటలు

దయ్యాలు, ఆత్మలు అని ఎవరైనా మొదలుపెడితే అక్కణ్ణుంచి లేచిపోయే రకం నేను. ఇప్పటికీ నమ్మను. మా అక్క పోయిన రోజు జరిగింది మాత్రం జరిగినట్టు చెబుతాను.

మాకు తొర్రూరులో బట్టల దుకాణం. రెండేళ్ల కిందట సరుకు కోసం ఢిల్లీ వెళ్లాను. తిరుగు రైలు ఎక్కాల్సిన రోజు పొద్దున్నే భూపాలపల్లి నుంచి బావ ఫోన్ చేశాడు. అక్కకు గుండెనొప్పి వచ్చింది, దవాఖానలో చేర్చారు.

"నిన్నే అడుగుతున్నది. జర జల్ది రా" అన్నాడు.

రైలు వదిలేసి విమానం ఎక్కాను. ఢిల్లీ నుంచి హైదరాబాదుకు గాలిలో రెండు గంటల పైచిలుకు. అక్కణ్ణుంచి భూపాలపల్లికి కారులో అంతకు రెట్టింపు.

విమానంలో విశేషమేమీ జరగలేదు. నిద్ర పట్టలేదు, కల రాలేదు. పక్కాయన చెయ్యి తగిలి నా చొక్కా మీద టీ ఒలికింది. చిలకపచ్చ చొక్కా, ముందురోజే ఢిల్లీలో కొన్నది. దిగాక దాన్ని విప్పి సంచిలో పెట్టి, తెల్లది వేసుకున్నాను.

బావ ఫోన్ ఎత్తలేదు. జనగామ దగ్గర లారీ అడ్డం తిరిగి బండ్లన్నీ ఆగిపోయాయి. దేశం సగం దాటి వచ్చినవాణ్ణి అక్కడ కదలకుండా కూర్చున్నాను.

సాయంత్రానికి చేరాను. అక్క మధ్యాహ్నమే చనిపోయిందట. వార్డు బయట గోడకు ఆనుకుని కూర్చున్న అమ్మ నన్ను చూసి ఏడవలేదు.

"మల్లెందుకు వచ్చినవ్ రా? నువ్వున్నవ్ గదా అని, మందులకు పోయిన మీ బావను పిలుస్తానికి నేను బయటికి పోయిన. వచ్చేసరికి నువ్వు లేవు, అది లేదు. జరసేపు కూసోకపోయినవ్?"

దుఃఖంతో మతి చెదిరిందనుకున్నాను. కానీ పక్క మంచం మీదున్న కోడలికి తోడుగా వచ్చిన ముస్లిం పెద్దామె కూడా అదే చెప్పింది.

"నేను గూడ చూసిన బిడ్డా. మధ్యాహ్నం నమాజుకు లేస్తుంటె వచ్చినవ్. చెంచతోని నీళ్లు తాపినవ్. మీ అక్క నీ చెయ్యి ఇడువలేదు. పచ్చ అంగీ ఉండె గదా, మార్చినవా?"

సంచి నా భుజానికే ఉంది. దవాఖానకు వచ్చాక దాన్ని తెరవనే లేదు. ఆమె చెప్పిన సమయానికి నా విమానం నాగపూర్ మీద ఎక్కడో ఉండాలి.

పదకొండో రోజు బావ బంధువులందరి ముందు అన్నాడు: "ఆఖరి గడియల అక్కను ఒక్కదాన్ని ఇడిచిపెట్టి పోయిండు."

ఫోనులో విమానం టికెట్ చూపించాను. వచ్చిన దూరం, పట్టిన సమయం అన్నీ చెప్పాను. బావ దాని వైపు కూడా చూడలేదు.

"కండ్లతోని చూసినోళ్లు ఇద్దరున్నరు. నీ టికెట్ ఏం జెయ్యాలె?"

అప్పటి నుంచి వాళ్లింటికి రాకపోకలు లేవు. అమ్మ నా చేతి అన్నమే తింటుంది గానీ, ఉన్నట్టుండి ముద్ద ఆపి అడుగుతుంది: "గంత తొందరేమొచ్చెరా నీకు?" నేను కంచంలో ఇంకాస్త అన్నం వడ్డిస్తాను.

వచ్చింది ఎవరో నాకు తెలియదు. నేనే అయితే, అక్క చెయ్యి పట్టుకున్న గుర్తు నాకెందుకు లేదు? ఎంత ఆలోచించినా తెగడం లేదు. అక్క నన్ను చూసుకునే పోయిందంటారు. నేను మాత్రం అక్కను చూడలేదు.