ఒక్క తోపుకు ముగ్గురు

పెర్త్‌కి దూరంగా ఉన్న వెరనప్ ఊళ్ళో, పెద్ద కొట్టు వెనక కార్లు ఆపే చోట, డారెన్ ప్రౌస్ అనేవాడు పట్టపగలు ఒక్క తోపు తోసి ముగ్గురు ఆడవాళ్ళను పడగొట్టాడు. ముగ్గురికీ కలిపి విరిగింది ఒక్క మణికట్టు. ఊడింది ఒక్క తలగుడ్డ.

సరే, ముగ్గురన్నది కాస్త ఎక్కువే. అయితే ఈ లెక్క గాల్లోంచి ఊడిపడింది కాదు. పోలీసు కాగితాల్లో ఒకావిడ, ఆసుపత్రి కాగితాల్లో ఒకావిడ, కోర్టు కాగితాల్లో ఇంకొకావిడ. కాగితాలు పక్కన పెట్టి చూస్తే ఆ రోజు వానలో కింద పడింది ఒక్కతే. నెక్ ఇర్నా. అరవై మూడేళ్ళ మనిషి.

ఇర్నా అన్నది మనవరాలి పేరు, నెక్ అంటే అవ్వ. కోకోస్ దీవుల నుంచి వచ్చిన మలయా ముస్లింలకు పుట్టినప్పుడు పెట్టిన పేరు మొదటి బిడ్డ పుట్టేదాకానే. తర్వాత ఫలానా వాళ్ళ అమ్మ, ఆ తర్వాత ఫలానా వాళ్ళ అవ్వ. పాత పేరు పొట్టిదైపోయిన చొక్కా లాంటిది. పెద్దవాళ్ళను దాంతో పిలిస్తే వాళ్ళను బజార్లో బట్టల్లేకుండా నిలబెట్టినట్టే. కొడుకు యాసిర్ పుట్టినప్పుడు ఆమె మాక్ యాసిర్ అయింది. యాసిర్‌కి కూతురు పుట్టాక నెక్ ఇర్నా అయింది. అంతకు ముందు ఏమిటో మనవాళ్ళలో ఎవరికీ గుర్తు లేదు.

ఒక్కచోట మాత్రం ఆ పాత పేరు చావలేదు. గొర్రెలు కోసే ఫ్యాక్టరీలో ఆమె ఇరవై రెండేళ్ళు కార్జాలు సంచుల్లో కట్టింది. రోజూ పొద్దున్నే మేస్త్రీ హాజరు పిలుస్తూ, "లాస్మీ సప్రీ" అని అరిచేవాడు. పక్కనే నిలబడి ఆరేళ్ళు పనిచేసిన లొరేన్ కూడా లాస్మీ అనే పిలిచేది. తెల్లవాళ్ళకు తప్పని తెలియదులే అని ఆమె పలికేది.

ఆ లొరేన్ కొడుకే డారెన్.

అది జూన్ నెల, శుక్రవారం. ఆ వారమంతా టీవీలో ఎక్కడిదో బాంబు, ఎక్కడివో శవాలు. మసీదు తలుపు మీద ఎవరో కోడిగుడ్లు కొట్టిపోయారు. నెక్ ఇర్నా ఉల్లిపాయలు, కొబ్బరిపాల డబ్బాలు బండిలో తోసుకుంటూ బయటికొచ్చింది. డారెన్ అడ్డంగా నిలబడ్డాడు.

"ఆ గుడ్డ తీసి మొహం చూపించు."

"మొహం కనబడుతూనే ఉంది కదా నాయనా. మీ అమ్మ బాగుందా?"

అమ్మ పేరెత్తడమే తప్పయిందో ఏమో. గుడ్డ పట్టి లాగాడు, గుండె మీద చెయ్యి వేసి తోశాడు. ఆమె బండితో సహా పడింది. ఉల్లిపాయలు నీళ్ళలో దొర్లాయి.

తన వ్యాను టైరులో గాలి చూసుకుంటున్న రఫీది అంతా చూశాడు. ఆమె పని మానేశాక ఫ్యాక్టరీలో చేరి కత్తి పట్టిన ఇరవై రెండేళ్ళ కుర్రాడు. పరుగెత్తుకొచ్చాడు.

"నెక్, లేవకండి. చెయ్యి వంకరపోయింది."

"చెయ్యి ఎక్కడికీ పోదు. ముందు గుడ్డ ఇటియ్యరా."

ఆసుపత్రిలో కోడలు నూరిదా పేరు చెప్పింది. యాసిర్ పుట్టినప్పటి పాత చీటీ ఉంటుందని 'మాక్ యాసిర్' అని రాయించింది. పోలీసు స్టేషన్లో రఫీది తను చూసింది చెప్పాడు. ఫెర్రిస్ అనే కానిస్టేబులు నెక్ ఇర్నా అని రాసుకున్నాడు. వారం తర్వాత ఆమెనే పిలిచి పాస్‌పోర్టు తెమ్మన్నాడు. అందులో లాస్మీ సప్రీ.

ఫెర్రిస్ చెడ్డవాడేం కాదు, అలిసిపోయినవాడు. ఫోన్లో పెర్త్ నుంచి ఒక దుబాసీ మాట్లాడింది. మలేషియా మనిషి, దీవుల సంగతి ఎరగదు.

"వేరే పేర్లు ఏమైనా వాడుతున్నారా అని అడుగుతున్నారు. అంటే మారుపేర్లు."

నెక్ ఇర్నాకి ఒళ్ళు మండింది. "మారుపేర్లు దొంగలకుంటాయమ్మా. నాకెందుకు?"

"లేవు అంటున్నారు," అంది దుబాసీ. ఫెర్రిస్ 'లేవు' అని రాసి సంతకం పెట్టించాడు. ఆమె మటుకు అక్షరాలా నిజమే చెప్పింది. అయిపోయిన పేర్లు ఉన్నట్టు లెక్క కాదు కదా.

ఇంట్లో అందరిదీ ఒకటే మాట. వదిలెయ్ అని యాసిర్ అన్నాడు, కేసుల్లో మనలాంటి వాళ్ళకు దక్కేదేముంటుందని. ఆమె వదిలేదే. కానీ పద్నాలుగేళ్ళ ఇర్నా ఆ శుక్రవారం నుంచి తలగుడ్డ లేకుండా బడికి వెళుతోంది.

"నాకు భయం నెక్," అంది పిల్ల. "మిమ్మల్నే తోశారు. నన్ను వదులుతారా?"

"కోర్టులో పెద్దమనిషి ఉంటాడు. వీడు చేసింది తప్పని అందరి ముందూ చెబుతాడు. అప్పుడు కట్టుకుంటావా?"

"చెబితే కట్టుకుంటాను."

ఆ ఒక్క మాట కోసమే ఆమె కోర్టుకెళ్ళింది.

మేజిస్ట్రేటు వెరనప్‌కి నెలకొకసారి వస్తాడు. పోలీసుల తరఫు లాయరు చేతికి ఫైలు ఆ పొద్దున్నే వచ్చింది. కొట్టు కెమెరాలో కనబడింది గోధుమల లారీ పక్కభాగం మాత్రమే. ఆవిడే బండి తెచ్చి తన కారుకు గుద్ది జారిపడిందని డారెన్ వాదన. ఇక మిగిలింది ఆమె మాట, రఫీది మాట.

ముందు ఆమె. లాస్మీ సప్రీ మీరేనా అంటే తల దించుకుని అవునంది. జరిగింది చెప్పింది. డారెన్ లాయరు మర్యాదస్తుడు, గొంతు పెంచడు.

"వేరే పేర్లు లేవని సంతకం పెట్టారు. మరి నెక్ ఇర్నా ఎవరు?"

"నేనే."

"మాక్ యాసిర్?"

"అదీ నేనే. అప్పుడు."

"అప్పుడంటే పడిన రోజా?"

"కాదండీ, నలభై ఏళ్ళ కిందట."

వెనక ఎవరో నవ్వారు. తర్వాత రఫీదిని పిలిచారు. అంతవరకూ బయట బల్ల మీద కూర్చున్నవాడు, లోపల ఏం నడిచిందో వాడికి తెలియదు. ఖురాన్ మీద చెయ్యి వేసి ప్రమాణం చేశాడు. అందుకే ప్రతి మాటా తూచి తూచి చెప్పాడు.

"లాస్మీ సప్రీ నీకు తెలుసా?" డారెన్ లాయరు అడిగాడు.

"తెలియదండీ."

"ఎప్పుడైనా చూశావా?"

"ఆ పేరుగల వాళ్ళు మావాళ్ళలో ఎవరూ లేరండీ."

"అయితే ఆమెను నా క్లయింటు తోయడం నువ్వు చూడలేదు."

"ఆమెను చూడలేదండీ. నెక్ ఇర్నాని తోయడం చూశాను."

పోలీసుల లాయరు కంగారుగా లేచి, ఆమె ఈ గదిలో ఉందా అని అడిగాడు. రఫీది వేలితో చూపించడం తప్పని అరచెయ్యి చాచి చూపించాడు. "అరుగో."

"నిమిషం కిందట ఈమెనే ఎన్నడూ చూడలేదన్నావు," అన్నాడు డారెన్ లాయరు, కూర్చుంటూనే.

రఫీది ఆమె వైపు తిరిగి చూశాడు. వాడికి అప్పుడే అర్థమైంది. అర్థమవగానే మొహం ఎర్రబడింది. అవ్వ పేరు నలుగురిలో విన్నందుకు సిగ్గుపడాలో, చేసిన పనికి ఏడవాలో తెలియలేదు.

ఆ గదిలో లాస్మీ అన్నా నెక్ ఇర్నా అన్నా ఒక్కరేనని బయటి మనుషుల్లో ఒకరికి బాగా తెలుసు. ఎర్ర స్వెట్టరు వేసుకుని మూడో వరసలో కూర్చుంది లొరేన్. ఆరేళ్ళు ఒకే బల్ల. యాసిర్ పెళ్ళి నుంచి ఇర్నా పుట్టుక దాకా అన్నీ విన్నది. నెక్ ఇర్నా అటు తిరిగి చూసింది. లొరేన్ సంచిలోంచి కళ్ళజోడు తీసింది, తుడిచింది, మళ్ళీ సంచిలోనే పెట్టుకుంది.

మేజిస్ట్రేటు భోజనాలకు ముందే తేల్చేశాడు. ఏదో జరిగే ఉండవచ్చన్నాడు. కానీ ఎవరికి జరిగిందో, ఎవరు చేశారో సందేహం లేకుండా తేలలేదన్నాడు. డారెన్ లేచి లాయరు చెయ్యి పట్టుకుని ఊపాడు.

మెట్ల దగ్గర లొరేన్ ఎదురైంది.

"చెయ్యి ఎలా ఉంది లాస్మీ?"

ఇరవై రెండేళ్ళు పలికిన పేరే. ఆమె పలకలేదు. యాసిర్ భుజం పట్టుకుని మెట్లు దిగింది.

ఇంటి దగ్గర ఇర్నా గుమ్మంలో నిలబడి ఉంది. అవ్వ చెప్పులు విప్పేలోపే లోపలికి వెళ్ళింది. మర్నాడు పిల్ల జుట్టు జడ వేసుకుని బడికి వెళ్ళింది. మూడు వారాలకు స్టేషన్ నుంచి ఉత్తరం వచ్చింది: మూడు పేర్ల విషయమై సంజాయిషీ చెప్పవలెను, చెప్పనిచో తప్పుడు వివరాలు ఇచ్చినట్లు భావించబడును. తోసినవాడికి ఏ ఉత్తరమూ రాలేదు. రఫీది ఆ తర్వాత ఆమె కనబడితే రోడ్డు దాటి అవతలికి పోయేవాడు. ఒకసారి ఆమే పట్టుకుంది.

"ఏరా, నేను ఎదురొస్తే నీకు దుశ్శకునమా?"

"నా వల్లే కదా నెక్."

"నువ్వు నిజం చెప్పావు. ఇంకెప్పుడూ చెప్పకు."

వాడు నవ్వుదామనుకున్నాడు. ఆమె మొహం చూసి మానుకున్నాడు.

మరుసటి ఏడు పెర్త్ యూనివర్సిటీ నుంచి ఒక పిల్ల వచ్చింది. ముస్లింల మీద నేరాల గురించి అడిగి రాసుకుంటోందట. తలకు నీలం గుడ్డ, చేతిలో ఫారాలు, మంచి పిల్ల. నెక్ ఇర్నా టీ ఇచ్చింది. పండక్కి దీవుల నుంచి కొబ్బరాకు వచ్చింది. బియ్యం పోసి ఉడికించే చిన్న బుట్టలు అల్లుతూ కూర్చుంది. కుడి మణికట్టు తిరగక అల్లిక వదులుగా వస్తోంది. పక్క గదిలో ఇర్నా చదువుకుంటోంది.

"మీమీద ఎప్పుడైనా దాడి జరిగిందా ఆంటీ?"

"లేదమ్మా."

"కొట్టు దగ్గర ఏదో జరిగిందని ఊళ్ళో..."

"ఊళ్ళో వాళ్ళకు పొద్దుపోదు."

"మరి ఆ చెయ్యి?"

"వాన. జారాను."

"కోర్టుకు కూడా వెళ్ళారని విన్నాను."

"నేనా? కోర్టు ఏ వీధిలో ఉందో కూడా నాకు తెలియదు."

ఆ పిల్ల కలం ఫారం మీద ఆగిపోయింది. "పేరు వద్దంటే రాయను ఆంటీ. ఎవరికీ తెలియదు."

నెక్ ఇర్నా చేతిలోని బుట్టను చివరి ముడి దాకా లాగి బిగించింది. అది పక్కకు ఒరిగింది.

"ఏ పేరైనా రాసుకో తల్లీ. ఎవరూ నన్ను తోయలేదు. ఏమీ జరగలేదు."